ఇష్టం సంగతి తర్వాత, ముందు కాటా సంగతి తేల్చండి

నేను లెక్కల టీచర్ని. మార్కాపురంలో నేను పాఠాలు చెప్పే కళాశాలకు కిందటి శీతాకాలంలో వ్యక్తిత్వ వికాసం మీద మాట్లాడటానికి ఒకాయన వచ్చాడు. చెవికి మైకు తగిలించుకుని రెండు గంటలు అటూ ఇటూ నడుస్తూ మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు, కాదనను. "మీ ప్యాషన్ ఏందో కనుక్కోండి. దాన్నే వ్యాపారం చేసుకోండి. ఇష్టమైన పని చేసేవాడికి అలుపుండదు, డబ్బు దానంతటదే వెతుక్కుంటూ వస్తుంది" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తర్వాత ఒక్కొక్కరినే లేపి నీ ప్యాషన్ ఏమిటని అడిగాడు. ఒకడు సాఫ్ట్‌వేర్ అన్నాడు. ఒకడు క్రికెట్ అన్నాడు. గిద్దలూరు నుంచి వచ్చే అమ్మాయి ఫ్యాన్సీ షాపు పెడతానంది. చివరి బెంచీలో దోర్నాల వైపు గూడెం నుంచి వచ్చిన చెంచు పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. వాడు లేచి, "తేనె తియ్యటం సార్" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆయన కూడా చిరునవ్వు నవ్వి, "అది హాబీ నాన్నా, నేనడిగేది కెరీర్ గురించి" అన్నాడు. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు.

నేనూ నవ్వాను. ఈ వ్యాసం రాయటానికి కారణం అదే. నేను ఎరుకల ఇంట్లో పుట్టినవాణ్ణి. మా అమ్మ ఈత బరిగెలతో అల్లిన బుట్టలు నా డిగ్రీ ఫీజులు కట్టాయి. అలాంటి నేను ఆ నవ్వులో గొంతు కలిపాను.

సాయంత్రం వాణ్ణి పిలిచి, బాధపడ్డావా అని అడిగాను. "లేదు సార్. ఆయనకు తెలవదు గదా" అన్నాడు. వాడిలో నాకు కోపం కనపడలేదు. తెలియని మనిషిమీద మనకుండే జాలి కనపడింది. అప్పుడు నేను కూర్చుని వాడి చేత చెప్పించుకున్నాను.

కొండ చరియకు వేలాడే పెద్ద పట్టు తియ్యాలంటే చీకటి రాత్రి కావాలి. తీగలు పేనిన తాడు పట్టుకుని మనిషి కిందికి దిగుతాడు. పొగ పెడతారు. పైన తాడు పట్టుకునేవాడు బావమరిది అయి ఉండాలి. సొంత అన్నదమ్ముడికి కూడా ఆ తాడు అప్పజెప్పరు. కిందున్నది తన తోబుట్టువు మొగుడు కాబట్టి బావమరిది చేతులు తెగినా తాడు వదలడని చెంచుల నమ్మకం. మా వాడు ఇంకా దిగలేదు. మూడు వేసవులుగా పొగ పెట్టటం, డబ్బా అందుకోవటం వాడి పని. అది చెప్పేటప్పుడు వాడి కళ్ళు చూడాల్సింది. మైకు పెట్టుకున్న ఆయన రెండు గంటలు వెతికిన వస్తువు అక్కడుంది.

"మూతెయ్యని గదుల్లో తేనె తియ్యం సార్. నీళ్ళగా ఉంటది, పులుస్తది. పిల్లపురుగులుండే భాగం కూడా వదిలేస్తాం. అంతా కోస్తే ఈగలు మళ్ళీ రావు" అన్నాడు. ఆహార ప్రమాణాల సంస్థ రాసిన నిబంధన ప్రకారం తేనెలో తేమ నూటికి 20 పాళ్ళు మించకూడదు. తేమ తగ్గిన తర్వాతే ఈగలు గదికి మైనంతో మూత వేస్తాయి. దేశానికి ఆ నిబంధన కాగితం మీద ఉంది, వీడికి వేళ్ళ కొసల్లో ఉంది. దీన్ని హాబీ అన్నందుకు నవ్విన వాళ్ళం మేము.

సరే, ఇష్టం ఉంది, నైపుణ్యం ఉంది. మరి ఆయన చెప్పిన ప్రకారం డబ్బు వెతుక్కుంటూ రావాలి గదా. ఎంత వచ్చిందిరా అని అడిగాను. పోయిన వేసవిలో వాళ్ళ నాన్న రెండు డబ్బాల తేనె సంతకు తెచ్చాడట. అవి ఖాళీ నూనె డబ్బాలు, మీద 15 కిలోలని అచ్చేసి ఉంటుంది. వ్యాపారి కాటా తియ్యలేదు. "డబ్బా మీద 15 అని రాసుంది గదా, రెండు డబ్బాలు 30 కిలోలు, మైనానికి డబ్బాకు కిలో తరుగు, పో 28" అన్నాడట. ఇచ్చింది తీసుకుని వచ్చేశారు.

ఇక్కడే నా బుర్రలో లెక్కల టీచరు లేచి కూర్చున్నాడు. 15 కిలోల నూనె పట్టే డబ్బాలో సుమారు 16 లీటర్లకు పైగా పడుతుంది, ఎందుకంటే నూనె నీళ్ళకంటే తేలిక. తేనె నీళ్ళకంటే బరువు, లీటరు తూస్తే దగ్గర దగ్గర 1,400 గ్రాములు తూగుతుంది. అదే డబ్బా నిండా తేనె పోస్తే 22, 23 కిలోలు ఉంటుంది. అంటే డబ్బాకు ఏడెనిమిది కిలోలు రాతలో పోయింది, తరుగు పేరుతో ఇంకో కిలో పోయింది. రెండు డబ్బాల మీద 16 కిలోలకు తక్కువ కాకుండా తేనె ఉచితంగా ఇచ్చి వచ్చారు. ఆ 16 కిలోల కోసం ఎన్ని రాత్రులు ఆ తాడు మీద వేలాడి ఉంటాడో ఆ తండ్రి!

ఆ వ్యాపారి ఒక్కడే దొంగ అని నేను అనటం లేదు. మన ఊళ్ళలో తరుగు, మచ్చు, కొసరు అన్నవి ఎవరికీ తప్పుగా తోచనంతగా అలవాటైపోయాయి. మన పనిలో ఆనందం లేకపోవటం మన మనసు లోపం అన్నట్టు ఉపన్యాసం చెప్పేవాళ్ళతోనే నాకు తగాదా. మనకు పనిమీద ఇష్టం ఎప్పుడూ తక్కువ కాలేదు. కొలత మాత్రం మన చేతిలో నుంచి పోయింది.

కొలత ఎప్పుడూ మన చేతిలో లేదని కూడా అనుకోవద్దు. మా ఎరుకలవాళ్ళ తెగల పేర్లు వినండి: ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల, కుంచెపురి ఎరుకల, కరివేపాకు ఎరుకల. మా పేర్లే మా వ్యాపారాలు. దబ్బ అంటే వెదురు చీలిక. కుంచె నేతగాడి పనిముట్టు. ఉప్పు ఎరుకలవాళ్ళు సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు మోసుకుని లోపలి ఊళ్ళకు తెచ్చి, గింజలు మార్చుకుని పోయేవాళ్ళు. మన సుగాలీలు ఎద్దుల మందల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కనంతా తిరిగారు. గిరిజనులకు వ్యాపారం చేతకాదని పాఠశాల స్టాఫ్ రూముల్లో ఇప్పటికీ అనే పెద్దమనుషులకు ఈ మాట గట్టిగా వినపడాలి.

మా నాయనమ్మ చెప్పేది. ఆమె కాలంలో బుట్టకు రేటు అడిగేవాళ్ళు కాదట. బుట్ట ఖరీదు ఆ బుట్టెడు గింజలు. ఎంత పెద్ద బుట్ట అల్లితే అంత ధాన్యం. సరుకే కొలత. రైతు కొసరాడితే ఆమె బుట్టను నేలకేసి తట్టి గింజలు కుదురుకునేటట్టు చేసి, "ఇంకో దోసెడు పడుతుంది" అనేదట. చెబుతూ నవ్వేది. ఆమె ఆ నవ్వును ఏ ఉపన్యాసంలోనూ నేర్చుకోలేదు.

తర్వాత ఏమైంది? ఉప్పు దొరల ప్రభుత్వం గుత్తకు పోయింది. 19వ శతాబ్దం చివరకు రైలు వచ్చింది. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమలను చీల్చుకుని గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు దాటి బెజవాడ పోయే ఆ దారి. ఈ రోజు మనం ఆ రైలెక్కే గుంటూరు పోతాం. అది చెడ్డదని అనను. కాని వారం రోజులు ఎద్దుల మీద మోసిన ఉప్పు ఒక పూటలో పెట్టెల్లో వచ్చి దిగాక, దారి పొడుగునా తిరిగేవాడు వ్యాపారి కాకుండా పోయాడు, అనుమానితుడయ్యాడు. ఉత్తరాదిన 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్ళను పుట్టుకతో నేరస్థులని రాశారు. స్టువర్టుపురం, సీతానగరం లాంటి సెటిల్మెంట్లు పెట్టారు. హాజరు పట్టీ, బయటికి పోవాలంటే పాసు. స్టువర్టుపురం వాళ్ళు చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయారు. 1947లో మద్రాసు రాష్ట్రం రద్దు చేసేదాకా ఆ చట్టం మన నెత్తిన ఉంది.

ఆ సెటిల్మెంట్లలో కూడా ఇదే పాఠం చెప్పేవాళ్ళు: పనిని ప్రేమించండి, పనే మిమ్మల్ని బాగుచేస్తుంది. కాబట్టి పనిమీద ప్రేమ గురించి మనకు ఉపదేశం చేసినవాళ్ళలో మా కళాశాలకు వచ్చిన మైకు ఆయన మొదటివాడు కాదు. అప్పుడు చెప్పినవాళ్ళు గేటుకు తాళం వేసి చెప్పారు, ఈయన గేటు తీసే ఉంచి చెప్పాడు. ఆ తేడా చాలా పెద్దదే, ఒప్పుకుంటాను. కాని ఉప్పు ఎందుకు పోయింది, కాటా ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్న ఇద్దరూ ఎత్తలేదు.

మార్కాపురం పలకల గురించి వేరే చెప్పాలా? దేశమంతా అక్షరాలు దిద్దింది మన పలకమీదే. ఆ పలకల కార్ఖానాల్లో, కోత మిషన్ల దగ్గర దుమ్ము మింగుతూ పనిచేసిన పిల్లలకు దానిమీద అ ఆలు దిద్దే తీరిక లేదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే పోదు. ఆ పనిని "ఎంజాయ్ చెయ్యి" అని ఎవరైనా చెబితే ఏమనాలి? కొన్ని పనులను ప్రేమించమని చెప్పకూడదు, మార్చమని అడగాలి.

ఇప్పుడు ఇంకో రకం వాళ్ళు ఉన్నారు, వాళ్ళతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. "మీ కులవృత్తిలోనే మీకు ఆనందం. అడవి బిడ్డలు అడవిలోనే బాగుంటారు. బుట్టలు అల్లండి, తేనె తియ్యండి, ఆ సంస్కృతిని కాపాడండి" అంటారు. ఫొటోలు తీసుకుంటారు. వాళ్ళ పిల్లలు మాత్రం ఐఐటీ కోచింగుకు పోతారు. తేనె అంటే ఇష్టమన్న మా వాడు రేపు బ్యాంకు పరీక్ష రాస్తానంటే నేనే దగ్గరుండి రాయిస్తాను. నాకు బుట్ట అల్లటం రాదు. అమ్మ నేర్పలేదు, కావాలనే నేర్పలేదు. ఇష్టం పుట్టుకతో రాసి పెట్టి ఉంటుందనేది కూడా ఒక నేరస్థ జాతుల చట్టమే, కాకపోతే ఇది పూలదండ వేసుకుని వస్తుంది.

అయితే అమ్మను చూసి ఒకటి నేర్చుకున్నాను. అంచు దగ్గర మెలిక ఒక్కటి తప్పితే ఆ బుట్టను సంతకు తీసుకుపోయేది కాదు. కొనేవాళ్ళకు అది కనపడదు. "నాకు కనపడింది గదరా" అనేది. పనిలో ఆనందం అంటే నాకు తెలిసింది అదే. అది డబ్బుకోసం కాదు, నిజమే. కాని ఆ తప్పిన బుట్టను పక్కన పెట్టగలిగే స్థోమత ఆమెకు ఏ రోజుల్లో ఉండేది? బుట్టలు బాగా పోయిన రోజుల్లో. ప్లాస్టిక్ తొట్లు వచ్చి, చుట్టుపక్కల ఈతచెట్లు కొట్టేసి చేలు చేశాక, మెలిక తప్పిన బుట్టను కూడా నెత్తిన పెట్టుకునే పోయింది. ఆ రోజు ఆమె ముఖం నేను మరిచిపోలేదు. ఆమెకు ప్యాషన్ తగ్గిందా? తగ్గింది చేతిలో పైసలు.

పిల్లలారా, ఇప్పుడు చట్టం వైపు చూద్దాం, ఎందుకంటే మన కాటా సగం అక్కడ ఉంది. 1927 నాటి భారత అటవీ చట్టం గడ్డిజాతి వెదురును చెట్టు అంది. అడవి బయట పండే వెదురు చెట్టు కాదని చెప్పటానికి 2017 దాకా పట్టింది. 90 ఏళ్ళు! ఈ లోపల 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అందులో 3(1)(సి) అనే చిన్న వాక్యం ఉంది. పట్టాల గొడవలో పడి మనం దాన్ని చదవటమే మానేశాం. తరతరాలుగా సేకరిస్తున్న చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కు మనది, దాన్ని వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు మనవి అని అందులో ఉంది. తేనె, మైనం, వెదురు, మందుమొక్కలు పేరుపెట్టి రాశారు. సేకరించిన వస్తువును గూడెంలోనే శుభ్రం చేసి, సీసాల్లో పోసి, అడవి దాటించి అమ్ముకోవటం కూడా ఈ హక్కులోనే ఉందని 2012లో నియమాలు సవరించి మరీ చెప్పారు. రవాణా పర్మిట్ అవసరమైతే ఇచ్చేది గ్రామసభ ఏర్పాటు చేసిన కమిటీ.

మన గూడేలు ఐదో షెడ్యూలు ప్రాంతంలో లేవు, అందుకే 1996 నాటి పెసా చట్టం మనకు ఇక్కడ నడవదు. యర్రగొండపాలెం, పుల్లలచెరువు, దోర్నాల, అర్ధవీడు, గిద్దలూరు వైపు ఎవరిని అడిగినా "మనకు ఆ చట్టాలు లేవు గదా" అని చెయ్యి ఊపుతారు. పెసా లేదు, నిజం. 2006 చట్టానికి మాత్రం షెడ్యూలు గీత అడ్డం రాదు. అడవి ఉన్న ప్రతిచోటా అది నడుస్తుంది, పులుల అభయారణ్యంలో కూడా. ఈ తేడా తెలియకనే మన పెద్దలు చెక్‌పోస్టు దగ్గర తేనె డబ్బాను దొంగ సరుకులా గోనెసంచి కింద దాచిపెట్టి తెస్తున్నారు. సొంత సరుకును దాచుకుని తెచ్చే మనిషి సంతలో గట్టిగా బేరమాడగలడా?

1956లో దళారీల నుంచి కాపాడటానికే గిరిజన సహకార సంస్థను పెట్టారు. తేనె, తపసి బంక, కుంకుళ్ళు, చిల్లగింజలు కొంటుంది. తపసి బంక ఎక్కడికి పోతుందో మనకు ఎవరూ చెప్పలేదు. మందుల్లోకి, పెట్టుడు పళ్ళు అతికించే పొడిలోకి పోతుంది. విదేశాల దాకా పోతుంది. ఎక్కడికి పోతుందో తెలిసినవాడికి రేటు అడిగే ధైర్యం వస్తుంది. సంతకు పోయేముందు ఆ సంస్థ ఈ సీజనుకు ప్రకటించిన ధర ఎంతో ఫోన్‌లో కనుక్కోవటం మన చదువుకున్న పిల్లలకు ఐదు నిమిషాల పని. 2018లో మొదలైన వన్ ధన్ కేంద్రాల్లో సీసాలు, లేబుళ్ళు, శిక్షణలు వచ్చాయి. మంచిదే. కాని గూడెంలో కేంద్రం పేరు చెప్పిన ప్రతిచోటా ఒక్క ప్రశ్న అడగండి: లెక్కల పుస్తకం ఎవరి ఇంట్లో ఉంది?

తోటి టీచర్లకు ఒక మాట. మన పిల్లలు మిరపకోతల కాలంలో అమ్మానాన్నలతో గుంటూరు, పల్నాడు చేలకు పోయి రెండు నెలలు బడికి రారు. తిరిగి వచ్చాక మనం గుణకారం మళ్ళీ మొదటి నుంచి చెబుతాం. కిలోల లెక్కన కోసిన కాయకు కూలి ఎంత, మేస్త్రీ పట్టుకున్న కమీషన్ ఎంత, అడ్వాన్సు పోను ఎంత మిగిలింది అని వాడినే బోర్డు దగ్గరికి పిలిచి వేయించండి. భిన్నాలు, శాతాలు, సాంద్రత, అన్నీ అక్కడే ఉన్నాయి. వాడికి లెక్కలంటే భయం అంటారు. భయం కాదు, వాడి లెక్క మన పుస్తకంలో లేదు. తేనె డబ్బా లెక్క నేను తరగతిలో చేయించిన రోజు, ఎప్పుడూ నోరు మెదపని ఆ చివరి బెంచీ వాడు "సార్, నీళ్ళు కలిపితే ఎంత తూగుద్ది?" అని అడిగాడు. కల్తీని పట్టుకునే ప్రశ్న అది. ఆ రోజు నవ్వినవాళ్ళే వాడి చుట్టూ చేరి డబ్బాలో నీళ్ళు పోసి తూచారు. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో పిల్లలు గంట కొట్టినా లేవని పీరియడ్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అందులో అదొకటి.

బేస్ క్యాంపుల్లో పులుల జాడ చూసే చెంచు వాచర్ల సంగతి కూడా రాయాలనుకున్నాను. అడుగు చూసి పులి ఎప్పుడు పోయిందో చెప్పే ఆ మనిషి తాత్కాలిక కూలి లెక్కన ఉంటాడు. అది ఇంకో వ్యాసం.

ఈ వేసవి సెలవుల్లో మా వాడు ఇంటికి పోయేటప్పుడు చేతికి తగిలించి తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనిచ్చాను. తిరిగి డబ్బిస్తానన్నాడు, సరేనన్నాను. మే నెలలో ఒక ఉదయం ఫోన్ చేశాడు. సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి మాట్లాడుతున్నాడు.

"సార్, మా కాటా మేం తీసుకుపోయాం. డబ్బా 22 కిలోల 600 గ్రాములు తూగింది. ఆయన ఒప్పుకోలా. ఎగిరెగిరి పడ్డాడు. మీ కాటా మీ దగ్గరే ఉంచుకోండి, మీ తేనె కూడా మీరే ఉంచుకోండి అన్నాడు."

మరి ఏం చేశారురా అన్నాను.

"ఉంచుకున్నాం సార్. నాయన కోప్పడ్డాడు, చేతిలో డబ్బుల్లేవు గదా. మా మామ మాత్రం నవ్వాడు. తాడు పట్టేది ఆయనే. రేపు యర్రగొండపాలెం పోతన్నాం, కాటా కూడా తెస్తన్నాం. తేనె ధర ఎంత చెప్పాలి సార్?"

సంస్థ ధర ఎంతో కనుక్కుని గంటలో చెబుతానన్నాను. గుట్ట దిగొద్దని చెప్పాను.